మూఢంలో రాలిన కణాలు

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో ఎవరూ చావలేదు, ఏ ఇల్లూ కూలలేదు. కూలింది నా సిద్ధాంతం ఒక్కటే. కాకపోతే అది కూలేటప్పుడు సరిగ్గా దాని కిందే నేను నిలబడి ఉన్నాను. చుట్టూ మా ప్రిన్సిపాలు, ఊరు కాని ఊరి నుంచి వచ్చిన ఒక రిటైర్డు ప్రొఫెసరు, మా అత్త, భుజాన రేకు పెట్టెతో మస్తాన్ చిన్నాయన ఉన్నారు. మార్కాపురంలో పరువు పోగొట్టుకోదలచినవాళ్ళు ఇంతకంటే మంచి సభను ఏర్పాటు చేసుకోలేరు.

"మీరెప్పుడూ వాదనలో ఓడిపోలేదా మేడమ్?" అని నా శిష్యురాలొకతె ఈ మధ్య అడిగింది. ఓడిపోయానే తల్లీ. విశ్వరహస్యం చేతిలో ఓడిపోయానని చెప్పుకుంటే కాస్త గౌరవంగా ఉండేది. నన్ను ఓడించింది మా అత్త గోడకు తగిలించిన క్యాలెండరు.

అప్పటికి నాకు ముప్పై రెండేళ్ళు. పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి రెండే, ఫిజిక్సులో ఎమ్మెస్సీ, నోరు. మొదటిదానికే సర్టిఫికెట్ ఉందిగాని, రెండోదానికి అక్కర్లేదని మావారి అభిప్రాయం. ఊళ్ళో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. ఒకరోజు మా ప్రిన్సిపాలు పిలిపించాడు. ఆయన ఎదుటివాళ్ళ ముఖం చూసి మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. ఏ మాటైనా బల్ల మీదున్న పేపర్‌వెయిట్‌కు చెప్పేవాడు.

"మేడమ్, మీ గ్రూపులో ఎంతమందుండారు?"

"ఏడుగురు సార్."

"కంప్యూటర్ గ్రూపులో కూర్చోను బెంచీలు చాలటంల్యా. మీకేమో బెంచీలు ఎక్కువైనాయి. వచ్చే ఏడు ఫిజిక్సు ఎత్తేద్దామంటుండారు మేనేజిమెంటోళ్ళు."

"ఎత్తేస్తే ఆ ఏడుగురూ ఏం కావాలి సార్? నలుగురు ఆడపిల్లలు. ఒంగోలు పంపి చదివించే ఇళ్ళా వాళ్ళవి?"

"నాతో వాదన పెట్టుకుంటే గ్రూపు నిలబడదు మేడమ్. పేరు తేండి, నిలబడతాది. సైన్సు డే వస్తాంది గదా, ఏదోకటి కనిపెట్టండి. పేపర్లో పడాల."

ఏదోకటి కనిపెట్టండి! కరివేపాకు రెమ్మ ఒకటి తెచ్చి పెట్టమన్నంత తేలిగ్గా అన్నాడు. కాని వింతేమిటంటే, గదిలోంచి బయటికి వచ్చేసరికి నేను కూడా అంత తేలిగ్గానే ఒప్పుకున్నాను. వయసు అలాంటిది.

అదే వారం పేపర్లో ఒక వార్త వచ్చింది. ఆకాశం నుంచి నిరంతరం మన మీద సన్నటి కణాలు రాలుతుంటాయని మీకు తెలిసే ఉంటుంది. వాటిని విశ్వకిరణాలంటారు. ఉపగ్రహంలో పెట్టిన ఒక పరికరం ఆ కణాల్లో ఒక రకాన్ని లెక్క పెడితే, ఉండాల్సినదానికంటే ఎక్కువ తేలాయట. ఎక్కువ ఎందుకున్నాయి? విశ్వంలో కంటికి కనపడని చీకటి పదార్థం బోలెడంత ఉంది కదా, అది యుగాల తరబడి మెల్లమెల్లగా క్షీణిస్తూ, విరిగిపోతూ, ఈ కణాల్ని రాలుస్తోందేమోనని కొందరి ఊహ. ఇంకా తేలిగ్గా చెప్పాలంటే, ఉట్టి మీది డబ్బాలో ఏముందో మీకు తెలియదు, ఎవరూ తింటుండగా చూడలేదు, కాని పొద్దున లేచేసరికి నేల మీద సున్నుండల పొడి కనపడింది. ఆ పొడిని చూసి డబ్బాలో సున్నుండలున్నాయని చెప్పటం అన్నమాట.

పేపరు పట్టుకునే లేచి నిలబడ్డాను. అంత పెద్ద ఉపగ్రహం చేసిన పనిని మార్కాపురంలో మా పై గది నుంచి నేనెందుకు చెయ్యకూడదు? చెయ్యకూడదనటానికి ఇరవై కారణాలున్నాయి. నా నోటి ధాటికి ఆ ఇరవయ్యీ నోరెత్తలేదు.

కాలేజీ లేబొరేటరీ గదిని అప్పటికే కంప్యూటర్లకు ఇచ్చేశారు. అందులోంచి బయటపడేసిన సామానులో ఒక పాత గీగర్ కౌంటరు ఉంది. కణం ఒకటి వచ్చి తగిలితే "టిక్" మంటుంది. అంతకు మించి దానికేమీ తెలియదు. గుడ్డి తాత వాకిట్లో కూర్చుని "ఎవురో వచ్చినారు" అంటాడే, అలాగన్నమాట. వచ్చింది అల్లుడో అప్పులవాడో ఆయనకు అక్కర్లేదు. దాన్ని బాగు చేసి ఇంటికి తెచ్చుకున్నాను.

మా ఇల్లు మేడ మీద. కింద షట్టరును మస్తాన్ చిన్నాయనకు బాడుగకు ఇచ్చాం. ఆయనది లైట్ల దుకాణం. ఊరేగింపులకు గ్యాస్ లైట్లు బాడుగకు ఇస్తాడు. కిరసనాయిలు పోసి పంపు కొడితే బుస్సుమని వెలిగి తెల్లటి వెలుతురు ఇచ్చే ఆ లైట్లకు అప్పట్లో ఇంకా గిరాకీ ఉండేది. కొనకనమిట్ల వైపు పల్లెల్లో కరెంటు పోతే మామూలు, వస్తే వార్త. పెళ్ళికొడుకును చీకట్లో ఊరేగించలేరు కదా. మా అత్త ఆయన్ను తమ్ముడా అనేది, ఆయన ఆమెను అక్కా అనేవాడు. ఆ వరసన నాకు చిన్నాయన అయ్యాడు.

పై గదిలో కిటికీ పక్కన ఒక బల్ల. దాని మీద అత్త నేల దాకా వేలాడే పాత దుప్పటి పరిచేది. దుప్పటి వెనక బల్ల కింద ఏముందన్నది అత్త సామ్రాజ్య రహస్యం. పచ్చడి జాడీలు, పగిలిన తిరగలి, ఎవరివో మూటలు, ఎవరివో పెట్టెలు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి దుప్పటి ఎత్తి చూడబోతే, "ఆడ నీకేం పని?" అంది. ఆ మాట నాకు రోషం తెప్పించింది. అప్పటి నుంచి నేను ఆ దుప్పటి ఎత్తలేదు. చూశారా, రోషం మనిషిని ఎంత దూరం తీసుకుపోతుందో! నన్ను ఏకంగా నక్షత్రమండలం దాకా తీసుకుపోయింది.

ఆ బల్ల మీద ఒక పలకరాయి, దాని మీద కౌంటరు పెట్టాను. రోజూ సాయంత్రం కాలేజీ నుంచి రాగానే పది నిమిషాలు లెక్కపెట్టి, నిమిషానికి ఎన్నో చూసి, గోడ క్యాలెండరులో ఆ తేదీ గడిలో పెన్సిలుతో వేసేదాన్ని. కాగితాలు ఎక్కడ పెట్టినా మావారు వాటి మీద బజ్జీలు పెట్టుకు తింటారు, గోడనైతే తినలేరని.

మొదటి వారంలోనే గుండె ఆగినంత పనయింది. నిమిషానికి ఇరవై నాలుగో ఇరవై అయిదో రావాలి. కొన్ని రోజులు అంతే వచ్చేది. కొన్ని రోజులు నలభై! ఎక్కువ! పేపర్లో చెప్పిన ఎక్కువ మా ఇంటికే వచ్చింది.

నేనేమీ తెలివితక్కువదాన్ని కానండోయ్. మొదట పలకరాయిని అనుమానించాను. రాళ్ళలో సహజంగానే కాస్త రేడియోధార్మికత ఉంటుంది. రాయి తీసేసి కౌంటరును బల్ల మీదే పెట్టాను. అయినా నలభై. రాయి నిర్దోషి అని తేల్చాను. కిటికీని అనుమానించాను, గోడ సున్నాన్ని అనుమానించాను, మావారి రేడియోను అనుమానించి మూడు రోజులు మూయించాను. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నాను కాబట్టే నా మూర్ఖత్వానికి అంత గట్టి పునాది పడింది.

"దాన్ని ఒకసారి హాల్లో పెట్టి చూడరాదా?" అన్నారు మావారు బజ్జీ నములుతూ.

"గుళ్ళో విగ్రహాన్ని వంటింట్లోకి తెచ్చి మహిమ ఉందో లేదో చూస్తారా ఎవరైనా? కదిలిస్తే లెక్క చెడుతుంది."

"ఊరికే అన్నాలే."

"ఊరికే అనే మాటలు సైన్సులో ఉండవు" అని నోరు మూయించాను. ఆ మాట గుర్తుంచుకోండి. నేను మర్చిపోదామని పదిహేనేళ్ళుగా ప్రయత్నిస్తున్నాను.

కార్తీకం పోయింది, మార్గశిరం పోయింది, పుష్యం వచ్చింది. నెలంతా నలభై తగ్గలేదు! పుష్యంలో భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుంది కదా, సూర్యుడి చుట్టూ పోగుపడిన చీకటి పదార్థంలో మునిగి ఉంటుందని సిద్ధాంతం చేశాను. మాఘం రాగానే ధన్‌మని ఇరవై నాలుగుకు పడిపోయింది. భూమి బయటపడిందన్నాను. అబద్ధానికి కాళ్ళుండవంటారుగాని, నా సిద్ధాంతానికి జెర్రికున్నన్ని ఉండేవి. ఏ వైపు తోసినా నడిచేది.

మేడ మెట్ల మీద ఒక సాయంత్రం మస్తాన్ చిన్నాయన ఎదురుపడ్డాడు. నేను మెట్ల పక్క కిటికీలోంచి ఆకాశం వైపు చూస్తున్నాను.

"ఏంది బిడ్డా, దేనికోసం ఎతుకుతుండావు?"

"కనపడనిదాని కోసం చిన్నాయనా."

"కనపడందాన్ని ఎట్ల ఎతుకుతావు? లైటు తెచ్చేదా?"

"లైటు వేసినా కనపడదు. అది చీకటి పదార్థం. వెలుతురంటే దానికి లెక్కలేదు."

"అరె, అట్లాంటి సరుకు కూడా ఉండాదా! అది ఊరంతా వస్తే నా దుకాణం మూతే గదమ్మా" అని దిగులుగా దిగిపోయాడు.

ఇక అసలు దెబ్బ తీసింది అత్త.

మా అత్తకు పంచాంగం లేనిదే పూట గడవదు. వర్జ్యం చూడకుండా ఆవకాయ కలపదు, నక్షత్రం చూడకుండా బీరువా జరపదు. నేనేమో ఆ పంచాంగాన్ని వెక్కిరించటమే వృత్తిగా పెట్టుకున్నదాన్ని. ఇంటికి వచ్చిన పెళ్ళి పత్రికలన్నీ చూసుకుని, క్యాలెండరులో ఆ ముహూర్తం రోజుల మీద పసుపు బొట్టు పెట్టుకునేది. ఆ బొట్లున్న గడుల్లోనే నా పెన్సిలు అంకెలూ ఉండేవి. ఒకే గోడ మీద ఇద్దరం రెండు శాస్త్రాలు నడిపాం.

"సుభద్రా, ఇట్ల రా. నీ అంకెలు సూడు."

"చూడటమేంటత్తా, రాసిందే నేను."

"రాసినావుగాని సదవలా. పసుపు బొట్టున్న ఈ గడిలో ఎంతుండాది?"

"ఇరవై నాలుగు."

"దీంట్లో?"

"ఇరవై మూడు."

"బొట్టు లేని దీంట్లో?"

"నలభై ఒకటి."

"దీంట్లో? దీంట్లో? ఇదో, ఇక్కడ?"

నలభై. నలభై రెండు. ముప్పై తొమ్మిది. నా గొంతు తగ్గుతూ వచ్చింది.

"మంచిరోజున తగ్గుతాది, మంచిరోజు గానప్పుడు పెరుగుతాది. మొన్నట్నుంచి మూఢం వచ్చినాది, మళ్ళా నలభై. పుస్యంలో ఒక్క ముహూర్తం ల్యా, నెలంతా నలభై. నేను మొదట్నుంచీ చెప్తానే ఉండా, మూఢంలో గాలి మంచిది గాదని."

"అది యాదృచ్ఛికం అత్తా."

"ఆ పేరుతో ఏ నచ్చత్రమూ ల్యా. నాకు తెలీదా?"

రెండు రోజులు అన్నం సహించలేదు. పంచాంగాన్ని ఒప్పుకుంటే నా ముప్పై రెండేళ్ళ నోరు ఏమైపోవాలి? ఒప్పుకోకపోతే నా లెక్కలు ఏమైపోవాలి? బుద్ధున్న మనిషైతే అక్కడ ఆగి, లెక్కల్లో ఏదో తిరకాసుందని వెతికేది. నేను మూడో దారి కనిపెట్టాను. శుక్రుడో గురుడో సూర్యుడి దగ్గరగా చేరి కనపడకుండా పోవటమే కదా మూఢం? అంటే గ్రహం, సూర్యుడు దాదాపు ఒక వరసలోకి రావటం. ఆ వరసన చీకటి పదార్థం గుంపుగా చేరి ఎక్కువగా క్షీణిస్తోంది! మన పూర్వులకు ఈ సంగతి తెలుసు, కారణం తెలియదు. కారణం నాకు తెలిసింది!

నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆకాశానికి నిచ్చెన వేయటమంటారు, నేను వేసిన నిచ్చెనకు రెండు మెట్లు ఎక్కువే పడ్డాయి. "మౌఢ్యకాలంలో విశ్వకణాల ఆధిక్యం" అని పదకొండు పేజీల వ్యాసం రాసి ప్రిన్సిపాలు ముందు పెట్టాను. ఆయన మొదటిసారి పేపర్‌వెయిట్‌ను వదిలి నా ముఖం చూశాడు.

"పంచాంగం గూడా కలిసొచ్చినాదా మేడమ్! ఇంగ పేపరోళ్ళు ఎగబడతారు. సైన్సు డేకి పెద్ద ప్రొఫెసరుగారు వస్తుండారు, పొద్దున్నే మీ ఇంటికే తోలుకొస్తా. మూఢం ఉంటాదా ఆ రోజు?"

"ఉంటుంది సార్."

"ఆయన బాగుందంటే గ్రూపు నిలబడినట్టే. బాగలేదంటే మాత్రం నన్ను అడగొద్దు."

ఆ రోజు రానే వచ్చింది. ప్రొఫెసరుగారు సన్నగా, పొడుగ్గా, ఎండిన చెరకుగడలా ఉన్నారు. మాట తక్కువ. వెనకే మా ఏడుగురు విద్యార్థులు మెట్ల మీద నిలబడ్డారు. ఉండాలో ఊడాలో తేలేది వాళ్ళ చదువు కదా, వాళ్ళ ముఖాల్లో నెత్తురు లేదు. అత్త పట్టుచీర కట్టింది. శాస్త్రం గెలవబోతోందని కాదు, పంచాంగం గెలవబోతోందని.

నేను పావుగంట ఉపన్యాసం ఇచ్చి, "ఇప్పుడు చూడండి సార్, నిమిషానికి నలభైకి తక్కువ రాదు" అని కౌంటరు మీట నొక్కాను.

టిక్. ... టిక్ టిక్. ... టిక్.

నిమిషం అయ్యింది. ఇరవై మూడు.

"మొదటి నిమిషం అలాగే ఉంటుంది సార్, వేడెక్కాలి."

రెండో నిమిషం. ఇరవై అయిదు.

మూడో నిమిషం. ఇరవై రెండు. ప్రిన్సిపాలు మా ఇంట్లో పేపర్‌వెయిట్ కోసం చుట్టూ చూశాడు.

"మూఢం పోయినాదేమో సూడత్తా" అన్నాను నెమ్మదిగా. ఎప్పుడూ రాని అత్త యాస నా నోటికి వచ్చేసింది భయంతో.

అత్త క్యాలెండరు దగ్గరికి పరుగెత్తి వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "పోలా. ఇంకా పదకొండు రోజులుండాది. బాగా సూడు, సరింగా నొక్కినావా?"

నా పరువూ అత్త పంచాంగమూ ఒకే దారానికి వేలాడుతున్నాయి. కాపురానికి వచ్చాక మేమిద్దరం ఒకే పక్షాన నిలబడింది ఆ పది నిమిషాలే.

"ఏమైనా మబ్బు పట్టి ఉంటే..." అన్నాను. కిటికీలోంచి ఎండ నా ముఖం మీదే పడుతోంది.

అప్పుడు మెట్ల మీద అలికిడయ్యింది. విద్యార్థులు పక్కకు జరిగారు. భుజం మీద రేకు పెట్టె, కళ్ళ నిండా నిద్రతో మస్తాన్ చిన్నాయన.

"అక్కా, పొదిలి అవతల దర్గా ఉరుసుకు పోయింటి. గంధం ఊరేగింపు అయ్యేతలికి తెల్లారింది. ఏంది, ఇంతమందుండారు? ఏమన్నా సెడ్డమాటా?"

"ఏం ల్యా తమ్ముడా. పెట్టె ఆడబెట్టి పో" అంది అత్త చిరాగ్గా, కళ్ళు క్యాలెండరు మీంచి తియ్యకుండా.

ఆయన వంగి, దుప్పటి ఎత్తి, పెట్టెను బల్ల కిందికి తోశాడు.

టిక్‌టిక్‌టిక్‌టిక్‌టిక్‌టిక్‌.

కౌంటరు బాణలిలో ఆవాలు పడ్డట్టు చిటపటలాడింది. గదిలో అందరం దాన్నే చూశాం. మస్తాన్ చిన్నాయన బెదిరి పెట్టెను బయటికి లాగాడు. టిక్. ... టిక్. మళ్ళీ తోశాడు. టిక్‌టిక్‌టిక్‌టిక్‌.

"ఏందమ్మా ఇది, నీ మిసను నన్ను సూసి అరస్తాంది?"

ప్రొఫెసరుగారు మోకాళ్ళ మీద కూర్చున్నారు. "ఆ పెట్టెలో ఏముంది బాబూ?"

"మాంటిళ్ళు సార్. గ్యాస్ లైట్ల మాంటిళ్ళు. పాత సరుకు, దుకాణం ఒకాయన మూసేస్తాంటే మొత్తంగా కొనేసినా. కింద దుకాణంలో చెమ్మ, ఎలకలు. అందుకని అక్క ఈడ పెట్టుకోమనింది. బిడ్డ కాలేజీలో ఉండేటప్పుడు వచ్చి, లైట్లతో బాటు పెట్టె గూడా తీసుకపోతా. గతుకుల్లో మాంటిల్ ఊరికే పగిలిపోతాది గదా, ఒకటి పోతే ఇంకోటి కట్టాల."

మాంటిల్ అంటే తెలుసు కదా, లైటు నడుమ వేలాడే తెల్లటి చిన్న జాలీ సంచి. వెలుతురంతా దానిదే.

ప్రొఫెసరుగారు లేచి, నా వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అడిగారు.

"మేడమ్, గ్యాస్ లైటు మాంటిల్ తయారీలో వాడే రేడియోధార్మిక మూలకం ఏది?"

అది ఒక మార్కు ప్రశ్న. ఏటేటా నేనే పరీక్షలో ఇచ్చే ప్రశ్న. తప్పు రాసినవాళ్ళను నిలబెట్టి తిట్టే ప్రశ్న. మెట్ల మీది ఏడుగురి పెదవులూ కదిలాయి. చెప్పలేక, చెప్పకుండా ఉండలేక ఏడుగురూ నన్నే చూస్తున్నారు.

"థోరియం సార్" అన్నాను, చేతులు కట్టుకుని.

"ఒక మార్కు" అన్నారాయన.

ముహూర్తం ఉన్న రోజు ఊరేగింపు ఉంటుంది. ఊరేగింపు ఉంటే పెట్టె ఇంట్లో ఉండదు. మూఢంలో పెళ్ళిళ్ళుండవు కాబట్టి పెట్టె బల్ల కింద హాయిగా పడుకుని నా చీకటి పదార్థాన్ని రాలుస్తుంది. ఉరుసు ఒక్కటే మూఢాన్ని లెక్కచెయ్యలేదు, ముస్లింల నెలలు వేరు కదా. దీపం కింద చీకటి ఉంటుందని పెద్దలన్నారు. నేను చీకటి కోసం ఆకాశమంతా గాలించాను, దీపాలేమో నా కాళ్ళ దగ్గరే ఉన్నాయి. పెద్దలకూ నాకూ ఎప్పుడూ పడదు.

"సార్, నా ఒంటికేమన్నా అయితాదా?" అన్నాడు మస్తాన్ చిన్నాయన బెదురుగా.

"మూత వేసి ఉంచు. పగిలిన మాంటిల్ పొడి పీల్చకు. మనుషులు తిరిగే గదుల్లో మాత్రం పెట్టెను పెట్టొద్దు" అని ప్రొఫెసరుగారు ఆయన్ను కుదుటపరచి, నన్ను చూసి మొదటిసారి నవ్వారు. "మీరు మరీ సిగ్గుపడకండి మేడమ్. పైన ఆ ఉపగ్రహం లెక్క దగ్గరా ఇదే గొడవ. చీకటి పదార్థం క్షీణిస్తోందని కొందరంటారు. కాదు, మనకు దగ్గర్లోనే చచ్చిన నక్షత్రమేదో గిరగిర తిరుగుతూ ఆ కణాల్ని వెదజల్లుతోందని కొందరంటారు. అక్కడ ఇంకా ఎవరూ దుప్పటి పూర్తిగా ఎత్తి చూడలేదు."

తర్వాత విద్యార్థుల వైపు తిరిగారు. "మీరు చెప్పండి. కణాలు ఈ పెట్టెలోంచే వస్తున్నాయని రుజువు చెయ్యాలంటే ఏం చెయ్యాలి?"

ఏడుగురిలో అందరికంటే మెల్లగా మాట్లాడే పిల్ల అంది, "కౌంటరును కొంచెం కొంచెం దూరంగా జరిపి చూడాలి సార్. ముందు... హాల్లో పెట్టి చూడాలి."

హాల్లోంచి మావారి దగ్గు వినపడింది. ఆ దగ్గు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆ పూటంతా మా ఇల్లు లేబొరేటరీ అయ్యింది. ఒక అడుగు, రెండడుగులు, పలకరాయి అడ్డం పెట్టి, తీసి, ఏడుగురూ లెక్కలు వేశారు. ప్రొఫెసరుగారు నేల మీద కూర్చుని వాళ్ళతో వాదించారు, అత్త చేసిన ఉగ్గాణి రెండుసార్లు పెట్టించుకున్నారు. పోతూ పోతూ ప్రిన్సిపాలుతో, "ఇలాంటి ప్రయోగం సొంతంగా చేసే పిల్లలు నాకు పెద్ద కాలేజీల్లోనూ దొరకలేదు. వీళ్ళను ఎత్తేస్తారా?" అన్నారు. పేపర్లో కూడా పడింది. నా పేరు కాదు, మస్తాన్ చిన్నాయన పెట్టె ఫోటో. దాని పుణ్యాన వచ్చే ఏడు మా గ్రూపులో పదకొండు మంది చేరారు. వాళ్ళలో ముగ్గురు చేరిన మొదటి రోజే అడిగిన ప్రశ్న, "పెట్టె యాడుంది మేడమ్?"

"ఏదోకటి కనిపెట్టమంటి, కనిపెట్టినారు గదా మేడమ్" అన్నాడు ప్రిన్సిపాలు పేపర్‌వెయిట్‌తో.

అందరూ వెళ్ళాక అత్తతో కూర్చున్నాను. ఓడిపోతే ఓడిపోయాను, ఆమెను కూడా కాస్త ఓడించకపోతే నాకు నిద్ర పట్టదు.

"చూశావా అత్తా, గ్రహమూ లేదు, మూఢమూ లేదు. ఒట్టి రేకు పెట్టె! నీ పంచాంగం సంగతి తేలిపోయింది."

అత్త తమలపాకు ఈనె తీస్తూ తాపీగా అంది. "పెట్టె ఇంట్లో ఎందుకుండాది?"

"ఊరేగింపులు లేక."

"ఊరేగింపులు ఎందుకు ల్యావు?"

"పెళ్ళిళ్ళు లేక."

"పెళ్ళిళ్ళు ఎందుకు ల్యావు?"

నేను నోరు తెరిచాను. మూశాను. నా జీవితంలో నోరు తెరిచి మాట లేకుండా మూసింది అదే మొదలు.

"మూఢమొస్తే నీ మిసను అరుస్తాదని చెప్తి. అరిసిందా ల్యాదా? నా పంచాంగం యాడ తప్పినాది?" అని ఆకు నోట్లో పెట్టుకుంది.

ఇప్పటిదాకా జవాబు దొరకలేదండి. మీకు దొరికితే దయచేసి నాకు చెప్పొద్దు, ముందు మా అత్తకు చెప్పి చూడండి.

ఆ సాయంత్రమే పలకరాయి మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. ఇక మీదట ఆకాశంలో దేన్నీ, బల్ల కింద దుప్పటి ఎత్తి చూడకుండా కనిపెట్టను. మావారు ఊరికే అన్న మాటను ఊరికే కొట్టిపారెయ్యను. అన్నిటికీ మించి, మా అత్తతో గోడ క్యాలెండరు ఎదురుగా చచ్చినా వాదించను.

అత్త తలుపు దగ్గర నిలబడి అంతా విని, జాలిగా తల ఊపింది.

"మూఢంలో చేసిన ఒట్టు నిలబడదే, పిచ్చిదానా."

నిజమే. మర్నాడు పొద్దున్నే ఆ విషయం మీదే వాదించాను.